ఆసియాకు అడ్డంగా వేసిన దుంగ

“అరవై ఏళ్లని రాసీసినాడు బాబూ. నాకప్పటికి నలభై నాలుగే. మిగతా పదహారూ ఏ అడివిలోంచి ఏరుకొచ్చినాడో నాకు తెల్దు. ‘పద్నాలుగో నంబరు. ఆడమనిసి. సుమారు అరవై ఏళ్లు. సదువు నేదు.’ అదీ నేను. రెండు వానాకాలాలు నా పొయ్యికాడ కూకొని అంబలి తాగినోడికి నా పేరు దొరకనేదు, నంబరు దొరికింది.”

పాంగి సోములమ్మ ఈ మాట కోపంగా అనలేదు. చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతూ, పొట్టు ఎటు ఎగురుతోందో చూసుకుంటూ అంది. ఎవరినైనా ఆడిపోసుకునేటప్పుడు ఆమె చేయి ఆగదు. చేయి ఆగిందంటే సంగతి ముదిరిందన్నమాట.

ఆమె ఇల్లు అరకులోయ నుంచి జీపులో గంట, దిగాక అరగంట ఎక్కుడు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన రెండెకరాల కాఫీ, ఆ చెట్లను పట్టుకుని పాకిన మిరియాల తీగ, పైవాలులో చోడి, సామ, కంది కలిపి చల్లిన మెట్ట. పొయ్యి పైన వేలాడే సొరకాయ బుర్రల్లో, పొగ పట్టి నల్లబడ్డ విత్తనాలు. ఇదంతా ఫోటోలతో సహా ఒక పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మాత్రం ఈ ఇంట్లో లేదు.

నేను శుక్రవారం సంతకు వచ్చినప్పుడల్లా ఈ వాలు ఎక్కుతాను. నా బడిచదువు పదో తరగతి దగ్గర ఆగింది. తర్వాతిదంతా ఇలాంటి వాకిళ్లలో కూర్చుని పోగేసుకున్నదే. అందుకని సోములమ్మ నన్ను పండితుల్లో వేయదు. వేయదు కాబట్టే చెబుతుంది.

ఆ రాసినాయన పేరు మోహన్‌కృష్ణ. పన్నెండేళ్ల కిందట వచ్చాడు. మైదానపు మనిషి. ఏదో పై దేశపు విశ్వవిద్యాలయం ఆసియా కొండసేద్యం మీద పరిశోధన చేయమని అతనికి ఫెలోషిప్పు ఇచ్చింది. తిండికి ఇంత, బూట్లకు ఇంత, జలగల మందుకు ఇంత అని విడివిడిగా ఇచ్చిందట. మందు తెచ్చాడు. జలగలకు అది బాగా నచ్చిందనీ, నంజుకుని మరీ తాగాయనీ సోములమ్మ సాక్ష్యం.

అతని పని ప్రశ్నలు అడగడం. పొయ్యి ఈ మూలనే ఎందుకు, విత్తనానికి పొగ ఎందుకు, చేటకు ఈ అంచు ఎందుకు. మనిషి చనిపోతే మీరేం చేస్తారని ఒకరోజు అడిగాడట. ఏడుస్తామని చెప్పింది. అది రాసుకోలేదట. కలం అలాగే పట్టుకుని, ఇంకా ఏం చేస్తారని అడిగాడట.

అతను వెళ్లి డాక్టరయ్యాక, అతని పుస్తకంలో దారి చూసుకుని ఇంకొందరు వచ్చారు. రోకలి ఎత్తినప్పుడు మోచేయి ఎంత వంగుతుందో కొలిచిన అమ్మాయి ఒకతె. పై దేశపు నిధులతో వచ్చి, కాఫీ మొక్కల మీద పడే నీడను గంటగంటకూ ఫోటో తీసిన ఢిల్లీ కుర్రాడు ఒకడు. నీడ మీద అంత సొమ్ము పోసిన దేశంలో ఎండలు ఎంత ఘోరంగా ఉన్నాయోనని ఊరంతా జాలిపడింది. వచ్చిన ప్రతివాళ్లూ మొదట చెప్పే మాట ఒక్కటే: ఆసియాలో చదువుకోవడానికి మాకు నిధులు దొరికాయి. దాంతో సోములమ్మకు చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. అరకులో రైలు దిగి, జీపెక్కి, ఈ వాలు దాకా వచ్చే మేరను బయటివాళ్లు ఆసియా అంటారని. పాడేరు ఆసియాలోకి వస్తుందో రాదో ఆమెకు అనుమానమే. అక్కడ దిగి ఎవరూ మోచేతులు కొలిచినట్టు వినలేదు.

అందుకే కూతురు రాజకుమారి నిరుడు చలికాలంలో ఫోన్ చేసి, ఆసియాలో పరిశోధనకు దరఖాస్తు పెడుతున్నానంటే, ఇంటికి రావడానికి దరఖాస్తు ఎందుకే, బస్సెక్కి వచ్చీ అంది.

రాజకుమారి ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో హాస్టల్లో ఉండి వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. ఆసియా దేశాల విద్యార్థులు మరో ఆసియా దేశానికి వెళ్లి తొమ్మిది నెలలు పరిశోధన చేసుకోవడానికి ఇచ్చే ఫెలోషిప్పు ఒకటి ఆమె కంటపడింది. వియత్నాం కొండల్లో కాఫీ తోటల పక్కన చిరుధాన్యాలూ పప్పులూ ఎలా కలిపి పండిస్తారో చూడాలని, తమ కొండతో పోల్చాలని ఆమె కోరిక. ఇంటికి వచ్చినప్పుడు పొయ్యి బూడిద నేల మీద పరిచి, పుల్లతో ఆసియా గీసి చూపించింది. ఇక్కడ మనం, ఇక్కడ నేను వెళ్లేది. సోములమ్మ ఆ బూడిద చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఇంత చోటుండగా అందరూ నా వాకిట్లోకే ఎందుకొచ్చారే అని అడిగింది.

దరఖాస్తులో అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. రెండు సిఫారసు ఉత్తరాలు కావాలి. ఒకటి పాఠం చెప్పిన అనురాధ మేడం ఒక్క సాయంత్రంలో పంపేసింది. రెండోది, ఈ కొండసేద్యం మీద, ఈ ప్రాంతం మీద అచ్చయిన పరిశోధన ఉన్నవాళ్లే ఇవ్వాలట. ఆ సేద్యం నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు, నా పేరు వేసీ అంది సోములమ్మ. విశ్వవిద్యాలయం వాళ్ల ఈమెయిలు ఉంటే గానీ ఆ గడిలో పేరు పట్టదని రాజకుమారి చెప్పింది. అలా వడపోస్తే ఈ కొండల మీద తెలిసినవాళ్లు వందలమంది, పనికొచ్చేవాడు ఒక్కడు మిగిలాడు. మోహన్‌కృష్ణ. ఇప్పుడాయన పెద్ద ఊళ్లో ప్రొఫెసరు.

జనవరి నుంచి రాజకుమారి ఆయనకు ఆరు ఉత్తరాలు పంపింది. ఆరింటికీ క్షణంలో జవాబు వచ్చింది. ఒకే జవాబు. ‘ప్రస్తుతం నేను ఫీల్డులో ఉన్నాను. తిరిగి రాగానే స్పందిస్తాను.’ ఏ ఫీల్డులో ఉన్నాడో మనకైతే కనబళ్లేదని సోములమ్మ రోజూ మెట్ట వైపు చూసేదట.

ఏప్రిల్ వచ్చింది. ఉత్తరం చేరడానికి గడువు రెండో శనివారం సాయంత్రం ఐదు. అంతకుముందు రోజు అరకులోయలో ఒక సదస్సు. దాని పేరు ‘ఆసియాలో చదువు, పరిశోధన: విద్యార్థులకు నిధుల అవకాశాలు’. ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి ఫోటో నిలువెత్తున. మోహన్‌కృష్ణే.

రాజకుమారి విశాఖ నుంచి రాత్రి బస్సులో వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆమె చెప్పినదాన్ని బట్టి సదస్సు ఘనంగా జరిగింది. తెర మీద దేశదేశాల జెండాలు వచ్చాయి. ఒక్కో జెండా కింద ఒక్కో నిధి. వేదిక మీద ఉన్నవాళ్లందరికీ శాలువాలు కప్పారు. ఏప్రిల్ ఎండలో ఆ శాలువాలతోనే వాళ్లు చెమట తుడుచుకున్నారు. ఫ్యాను వేదిక వైపుకే తిప్పి ఉంది గనక కింద కూర్చున్న గిరిజన విద్యార్థులకు నిధుల సంగతి బాగా అర్థమైంది. చివర్లో ముఖ్య అతిథి ఒక మాటన్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

“అవకాశాలు లేక కాదు, అడిగేవాళ్లు లేకే మీరు వెనకబడిపోతున్నారు.”

రాజకుమారి చేయెత్తి సిఫారసు ఉత్తరం సంగతే అడిగింది. చాలా మంచి ప్రశ్న, టీ దగ్గర మాట్లాడదామన్నాడు. టీ దగ్గర ఆయన చుట్టూ ఫోటోలవాళ్లు. సందు చూసుకుని దగ్గరికి వెళ్తే, మెయిల్ చెయ్యమ్మా, తప్పకుండా చూస్తాను అన్నాడు. అక్కడే నిలబడి చేసింది. ఆయన జేబులో ఫోను మోగకముందే ఆమె చేతిలో జవాబు మెరిసింది. ప్రస్తుతం నేను ఫీల్డులో ఉన్నాను.

ఆ రాత్రి కొండెక్కి వచ్చిన పిల్ల అన్నం తినలేదు. అడిగేవాళ్లు లేరన్నాడా అని సోములమ్మ రెండుసార్లు అడిగి తెలుసుకుంది. చేతిలో చేట ఆగింది.

ఇక్కడ మా దగ్గరి ఆచారం ఒకటి చెప్పాలి. చైత్రంలో ఇటికల పండగ. మగవాళ్లు విల్లులూ బల్లేలూ పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ పడేసి, వచ్చే బండినల్లా ఆపి సుంకం అడుగుతారు. కలెక్టరు బండైనా సరే, ఇచ్చుకుంటేనే దుంగ లేస్తుంది. వేటకు పోయి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగాడి మీద పేడనీళ్లు పోస్తారు. దీన్ని ఎవరూ తప్పుపట్టరు, ముఖ్యంగా తడిసినవాళ్లు. మోహన్‌కృష్ణ తన పుస్తకంలో నాలుగో అధ్యాయం మొత్తం దీని మీదే రాశాడు. ఇప్పుడాయనకు ఆసియా పండగల మీద కొత్త ప్రాజెక్టు దొరికిందట. కాబట్టి శనివారం మధ్యాహ్నం, ఇద్దరు విద్యార్థులనూ కెమెరానూ వెంటేసుకుని, కారులో ఈ దారినే వచ్చాడు. రాకపోతే ఏం చేసేదానివని సోములమ్మను అడిగాను. పండగని రాసుకున్నాక రాకుండా ఎలా ఉంటాడు, ఉచ్చు ఎక్కడ వెయ్యాలో జంతువే చెప్తాది అంది.

వాలు మొదట్లో, జీపుదారి మలుపులో, పనసచెట్టు కింద దుంగ పడుకుని ఉంది. దాని మీద పదిమంది ఆడవాళ్లు. పక్కింటి కనక చంకలో పేడనీళ్ల కుండ. ఆ మలుపులోనే ఎందుకంటే, ఆ చుట్టుపక్కల ఫోను పలికేది అక్కడొక్కచోటే.

కారు ఆగింది. అద్దం దిగింది. ఐదువందల నోటు ముందుగానే మడిచి పట్టుకున్న చెయ్యి బయటికి వచ్చింది. వెనకాల విద్యార్థులకు ఆయన, చూశారా, ఇదీ సంప్రదాయం అని వివరిస్తున్నాడు. సోములమ్మ నోటు పుచ్చుకోలేదు.

ఆయన గుర్తుపట్టాడు. పన్నెండేళ్లయినా మీరేమీ మారలేదండీ అన్నాడు. నువ్వు రాసిన లెక్కకు నాకిప్పుడు డెబ్బై రెండు, మారకుండా ఎలా ఉంటానని ఆమె జవాబు. తర్వాత సుంకం ఏమిటో చెప్పింది. నోటు కాదు. ఉత్తరం. ఐదు లోపల.

“ఇలా చెయ్యకూడదు సోములమ్మగారూ. సిఫారసు అంటే ఇష్టంతో ఇవ్వాలి.”

“సుంకమూ అంతే బాబూ. ఇష్టంతోనే ఇత్తారు. దుంగ లెగాలని అందరికీ ఇష్టమే.”

ఆచారం ప్రకారం సుంకం ఎంతో చెప్పేది దుంగ వేసినవాళ్లే. ఆ మాట ఆయన పుస్తకంలోనే ఉంది. వెనక కూర్చున్న విద్యార్థి ఒకడు, అవున్సార్, నాలుగో అధ్యాయంలో ఉంది అన్నాడట, పాపం, సాయం చేస్తున్నాననుకుని.

ఆయన దిగాడు. దుంగ మీద ఆయనకు చోటిచ్చారు. టైము మూడుంబావు. ఫోనులో సిఫారసు పంపే లింకు తెరిచి టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. ఏం రాశావో తెలుగులో చదవమంది సోములమ్మ. అవి గోప్యంగా ఉండాలని ఆయన నసిగాడు. గోప్యమైతే నా వయసు మాత్రం ప్రపంచమంతా ఎందుకు చదివిందని అడిగింది. కనక కుండను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. ఆయన చదివాడు. అత్యంత వెనుకబడిన, నిరక్షరాస్య గిరిజన కుటుంబం నుంచి వచ్చిన ఈ నిరుపేద అమ్మాయి మీ సానుభూతికి అర్హురాలు.

అది తీసెయ్యమంది. మంచికే రాశాను, జాలిపడి ఇస్తారన్నాడు.

“జాలికి ఇచ్చినోడు జీవితమంతా ఎలాగున్నావని అడుగుతాడు. మా గుంటకి, ఈ పిల్లకి, తెలుసు గనక పంపమని రాయి. ఏటి తెలుసో నీకు తెల్దు కదా. ముందు అది సదువుకో.”

రాజకుమారి తన పరిశోధన పథకం కాగితాలు అందించింది. ఆరుసార్లు ఆయనకు పంపినవే. ఆయన మొదటిసారి చదివాడు. రెండో పేజీలో ఆయన చూపు నిలిచిపోయింది. అక్కడ ఆ పిల్ల, చాలా మర్యాదగా, గౌరవనీయులైన మోహన్‌కృష్ణగారి సిద్ధాంతం సరికాదని రాసింది.

ఆయన పుస్తకమంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఈ కొండల్లో విత్తనాలు కలిపి చల్లడానికి కారణం లేదు, పెద్దలు చేశారు కాబట్టి వీళ్లూ చేస్తున్నారు, ఇది ఆలోచన లేని ఆచారం. దీనికి డాక్టరేటు వచ్చింది, బంగారు పతకం వచ్చింది, ప్రొఫెసరు పదవీ వచ్చింది. ఆధారం, పద్నాలుగో నంబరు మనిషి చెప్పిన వాక్యం. రాజకుమారేమో సామ ముందు కోతకొచ్చి నేల వదిలితే కందికి చోటెలా దొరుకుతుందో, వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒకటి ఇంటికెలా చేరుతుందో మూడేళ్ల పంటల పట్టికతో చూపించింది.

ఆయన ఆ పేజీని మళ్లీ మొదటి నుంచి చదివాడట. టైము నాలుగు దాటింది. ఆయన ముఖం చూస్తే ఉత్తరం రాయడనే రాజకుమారి అనుకుంది. తొమ్మిది నెలలు, వియత్నాం, అంతా ఆ దుంగ మీదే పోయిందనుకుంది. ఆయన చివరికి తలెత్తి సోములమ్మను అడిగాడు.

“ఇది నిజమేనా? మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు మీరు?”

“ఏ రోజు అడిగినావో గుర్తుందా? నెత్తి మీద కట్టెల మోపుతో దిగుతున్నాను. కాలిబాటలో అడ్డంగా నిలబడి ఎందుకు కలిపి సల్లుతారని అడిగినావు. మెడ ఇరిగిపోతంది. మా తాతలు సేసినారు బాబూ, మేమూ సేత్తన్నాం, పక్కకి జరుగు అన్నాను. పక్కకి జరిగితే సాలనుకున్నాను. నువ్వు జరగనేదు, రాసుకున్నావు.”

వెనక విద్యార్థి కెమెరా దించేశాడట. మోహన్‌కృష్ణ నవ్వాడో ఏడ్చాడో తెలియలేదని కనక, నవ్వాడని రాజకుమారి. ‘పక్కకు జరుగు’ అన్న మాట కూడా రాసుకుని ఉంటే పుస్తకం బాగుండేది అన్నాడట. ఆ ఒక్క మాటకు సోములమ్మ ఇప్పటికీ ఆయనకు కొంచెం మార్కులు వేస్తుంది. నూటికి పదో పన్నెండో.

మొదటి ఉత్తరం చెరిపేశాడు. రెండోది నిదానంగా కొట్టాడు, వాక్యం వాక్యం తెలుగులో చదువుతూ. ఈ ప్రాంతం గురించి నేను రాసిన పుస్తకంలో ఒక పెద్ద తప్పును ఈ విద్యార్థిని ఆధారాలతో పట్టుకుంది. ఆమెకు ఈ విషయం నాకంటే బాగా తెలుసు. ఇంకా ఏదో చేర్చబోతే సోములమ్మ చాలంది. ఐదుకు ఇరవై నిమిషాలుండగా పంపాడు. చేరిందని రాజకుమారి ఫోనుకు వార్త వచ్చాకే దుంగ లేచింది. ఆ ఐదువందల నోటును ఆయన మళ్లీ ఇవ్వబోయాడు. అది వేరే సుంకం, ఆ సంగతి కనకను అడగమంది. కనక పుచ్చుకుంది.

పేడనీళ్లు వృథా కాలేదు. సాయంత్రం సోములమ్మ భర్త ఫల్గుణ, మిగతా వేటగాళ్లు ఉత్తచేతులతో దిగారు. పగలంతా దాచిన కుండ గనక బాగా ఊరింది.

జూన్‌లో రాజకుమారికి ఇంటర్వ్యూ. జూలై ఆఖరుకు ఫెలోషిప్పు ఖాయమైంది. సెప్టెంబరు రెండో వారంలో ప్రయాణం. మోహన్‌కృష్ణగారి విశ్వవిద్యాలయం తమ ప్రొఫెసరు మార్గదర్శకత్వంలో గిరిజన విద్యార్థినికి అంతర్జాతీయ అవకాశమని పత్రికల్లో వేయించుకుంది. ఆ కాగితం ముక్కను సోములమ్మ పారేయలేదు. మిరియాలు పొట్లం కట్టింది.

ఇంత చెప్పి చేట గోడకు ఆనించింది. ఇక లేవవచ్చనుకుని నేను చెప్పుల్లో కాలు పెట్టాను. ఆమె కూర్చోమనలేదు గానీ, గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. దుంగ అవసరం లేని మనిషి.

కొంచెంసేపు ఆమె నా వైపు కాదు, పొయ్యి ముందు నేల వైపు చూసింది. బూడిదలో గీసిన ఆసియా ఎప్పుడో ఊడ్చేశారు.

“నువ్వొక పని సెయ్యాలి బాబూ. అక్కడ ఎవులో ఒక ఆడమనిసి ఇంట్లో దిగుతాది కదా మా గుంట. ఆ మనిసికి నా మాటగా ఉత్తరం రాయి. రాజకుమారి సేత రాయించను, దాని మీదే కదా రాయించీది. తెలుగులోనే రాయి, ఆ బాసలోకి ఫోనే మారుత్తాదట. ఏటి రాయాలంటే, అమ్మా, నా కూతురు నీ కాడికొత్తంది, మంచిదే గానీ ప్రశ్నలెక్కువ. నీ నెత్తి మీద మోపున్నప్పుడు ఏదడిగినా జవాబియ్యకు. దించుకో, కూకో, నీళ్లు తాగు, అప్పుడు సెప్పు. అక్కడ్నించి వచ్చీముందు అది రాసిన కాయితం నీకు సదివి వినిపించమను. నీ పేరుందో నేదో సూసుకో, వయసు సరిగ్గా ఏసిందో నేదో అడుగు. ఏయకపోతే దారికి దుంగ పడీ, నేనేటీ అనుకోను. కింద నా పేరెట్టు. పాంగి సోములమ్మ, యాభై ఆరేళ్లు. శుక్రవారం సంతకొచ్చినప్పుడు అట్టుకొచ్చి ముందు నాకు సదివి వినిపించు. ఎల్లు బేగి, నాలుగింటి జీపు పోతాది.”